ఓడిపోయామని ఎవరూ చెప్పరు

ముందే చెప్పేస్తున్నాను, మేం తీసిన చిన్న డాక్యుమెంటరీకి జాతీయ సినిమా అవార్డు రాలేదు. వచ్చినవాళ్ల కథలు పేపర్లలో, టీవీల్లో కావలసినన్ని దొరుకుతాయి. పంపి, ఎదురుచూసి, రాక మిగిలిపోయినవాళ్ల సంగతి ఎక్కడా కనబడదు. నాకు అవసరమైనప్పుడు ప్రొద్దుటూరులో అడుగుదామంటే ఈ దారిలో నడిచిన మనిషే దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

నాది పెళ్లి వీడియోలు తీసే చిన్న స్టూడియో. 2022 మే నెలలో మా ఊళ్లోనే ఒక కల్యాణ మండపంలో పెళ్లి ఒప్పుకున్నాను. ఒకప్పుడు అది సినిమా హాలు. నేల టికెట్టు కోసం అక్కడ నేనూ మోచేతులు దోక్కున్నవాణ్నే. తలంబ్రాలు పై నుంచి తీద్దామని చోటు వెతుకుతూ వెనక ఇనుప మెట్లెక్కాను. పైన ఒక గది. గోడకు రెండు చదరపు కన్నాలు, వాటిలోంచి డీజే వాళ్లు లాగిన వైర్లు. నులక మంచం మీద ఒక పెద్దాయన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. మండపం వాచ్‌మన్ అనుకున్నాను. వాచ్‌మనే, కానీ అంతకుముందు అదే గదిలో ముప్పై ఎనిమిదేళ్లు ప్రొజెక్టర్ నడిపిన ఆపరేటర్. హాలు మూతపడింది, ప్రొజెక్టర్లు పాత ఇనుము కింద తూకానికి పోయాయి, ఆయన మాత్రం గదితో పాటు మిగిలిపోయాడు.

ఆయన కాలాన్ని రీళ్లతో కొలుస్తాడు. వెయ్యి అడుగుల రీలు ఒకటి పదకొండు నిమిషాలు. టీకి వెళ్లి రావడానికి అర రీలు, బస్టాండుకు నడిస్తే రెండు రీళ్లు. ఆయన మంచం కింద ఒక పాత డబ్బా ఉంది. అందులో రాగి పూత పూసిన కార్బన్ కడ్డీ ముక్కలు రెండు, వేలెడంతవి. జీనాన్ దీపాలు రాకముందు అలాంటి రెండు కడ్డీల మధ్య పుట్టే మంటే తెర మీది వెలుగు. ఆ ముక్కల్ని రెండు చేతుల్లో ఎదురెదురుగా పట్టుకుని చూపించాడు. "ఇంత దగ్గరికొస్తే అతుక్కుంటాయి. ఇంత దూరమైతే ఆరిపోతుంది. కడ్డీ కాలేకొద్దీ ముందుకు జరుపుకుంటూ పోవాలి. ఆట అయ్యేదాకా ఈ సందు చెడకూడదు నాయనా." టీ గ్లాసు పట్టుకుంటే వణికే చేతులు ఆ కాసేపూ కదల్లేదు. కింద బాజాలు మోగుతున్నాయి, తలంబ్రాలు అయిపోతున్నాయి, నేను ఆ చేతుల్నే తీస్తూ కూర్చున్నాను. పెళ్లివారు ఆ తర్వాత నన్ను ఏమన్నారో ఇక్కడ రాయను.

మా బొమ్మ, అంటే ఆ డాక్యుమెంటరీ, అలా మొదలైంది. ఆషాఢంలోనూ పుష్యంలోనూ పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఆ రోజుల్లోనే షూటింగు. 2023 ఫిబ్రవరికి ముగించాం. కెమెరా సొంతమే అయినా సౌండుకు, ఎడిటింగుకు, హైదరాబాదు ప్రయాణాలకు డబ్బు కావాలి. మా ఆవిడ నాలుగు గాజులు తీసిచ్చింది. ప్రొద్దుటూరులో బంగారం కుదువ పెట్టడం పాలు కొన్నంత సులువు, గంటలో లక్షా ఇరవై వేలు చేతికొచ్చాయి. అందుకే నిర్మాతగా ఆమె పేరే వేశాం. ఇది సరదాకు చేసిన పని కాదు. జాతీయ అవార్డులకు దరఖాస్తు పెట్టుకోవలసింది నిర్మాత. ఉత్తమ చిత్రాల విభాగాల్లో నిర్మాతకూ దర్శకుడికీ విడివిడిగా అవార్డు ఇస్తారు. ఈ ముక్క తెలిసిన రోజు ఆమె బీరువా తెరిచి, మాధవరం పట్టుచీర ఒకటి పైఅరలోకి మార్చింది. ఢిల్లీకి అదే అని నోటితో అనలేదు.

అవార్డు మాట మొదట ఎత్తినవాడు మా పిన్నికొడుకు. హైదరాబాదులో ఎడిటింగు పని చేస్తాడు. "అన్నా, నాన్ ఫీచర్ విభాగానికి, అంటే డాక్యుమెంటరీలు, చిన్న సినిమాలు పోటీపడే దానికి, ఇది సరిపోతుంది. కానీ సెన్సారు సర్టిఫికెట్ ఉండాలి, అది డిసెంబరు 31 లోపు రావాలి" అన్నాడు. అప్పటిదాకా నాకు తెలియనిది ఇదే. బొమ్మ ఎప్పుడు తీశామన్నది లెక్కలోకి రాదు, సర్టిఫికెట్ మీద ఉన్న తేదీని బట్టే అది ఏ ఏడాది సినిమానో తేలుతుంది. 2023లో వస్తే 71వ అవార్డులకు, జనవరి 1 దాటితే మరుసటి ఏడాదికి. మామూలుగా యూట్యూబులో పెట్టుకునే చిన్న సినిమాకు సెన్సారు అక్కర్లేదు. ఢిల్లీ గడప తొక్కాలంటే మాత్రం అది లేకుండా కుదరదు.

సెన్సారుకు వెళ్లాలనుకున్నాక బొమ్మను చూసే కన్ను మారిపోయింది. మొదటి దెబ్బ పాటకు తగిలింది. ఆపరేటర్ తాత కడ్డీలు సర్దుతూ ఒక పాత సినిమా పాట కూనిరాగం తీసే షాటు మొత్తం ఇరవై ఏడు నిమిషాల్లోకీ గొప్పది. ఆ పాట హక్కులు ఎవరివో వెతికి, అడిగి, కొనే స్తోమత మాకు లేదు. తీసేశాం. పాట పోయాక ఆ చోటు బోసిగా ఉంది. పోనీ ప్రొజెక్టర్ చప్పుడైనా వేద్దామంటే ప్రొజెక్టరే లేదు. తాత నవ్వి నోటితోనే ఆ చప్పుడు చేశాడు. రీలు కొత్తగా కట్టినప్పుడు ఒక రకం, చివరికొచ్చినప్పుడు ఇంకో రకం, ఫిల్ము సందు తప్పి ఎగిరితే మరో రకం. రెండు నిమిషాలు ఏకబిగిన. మా బొమ్మకు సంగీతం అదే అయింది. హక్కుల బాధ లేకపోతే ఇది నాకు తట్టేది కాదని ఒప్పుకోవాలి.

రెండో దెబ్బ కుక్క. మంచం కింద ఎప్పుడూ ఒక ఊరకుక్క పడుకుని ఉండేది. సినిమాలో జంతువు కనబడితే జంతు సంక్షేమ బోర్డు కాగితం అడుగుతారని, ఆ బోర్డు హర్యానాలో ఉందని, డిసెంబరులోగా ఆ వ్యవహారం తెమలదని సెన్సారు పనులు చూసిపెట్టే ఏజెంటు చెప్పాడు. కుక్క ఉన్న మూడు షాట్లు తీసేశాం. అంతా అయిపోయిందనుకున్నాక ఒక రాత్రి ఎడిటింగు చేసే ఆ తమ్ముడు ఫోను చేసి, "అన్నా, పద్నాలుగో నిమిషంలో తోక ఉంది" అన్నాడు. తోకను కూడా కత్తిరించాం.

మూడోది బీడీ, దీని దగ్గర కాస్త ఆగాలి. ఫిల్ము ఉన్న గదిలో నిప్పు పనికిరాదు. అందుకని తాత రీలు మార్చగానే ఇనుప మెట్ల మీదికొచ్చి బీడీ వెలిగించేవాడు. ఇప్పటికీ అలాగే మెట్ల మీదికొచ్చే కాలుస్తాడు, గదిలో ఏ ఫిల్మూ లేకపోయినా. ఆ మెట్ల మీది షాటు నాకు ప్రాణం. తెర మీద పొగాకు కనబడితే నిబంధనలు చాలా ఉన్నాయి. మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి ముప్పై సెకన్ల ఆరోగ్య హెచ్చరిక చిత్రం, దాంతో పాటు ఇరవై సెకన్ల ప్రకటన, బీడీ కనబడినంతసేపూ కింద అక్షరాలు. మొత్తం వంద సెకన్లు. రెండున్నర గంటల సినిమాకు అది లెక్కలోకి రాదు. ఇరవై ఏడు నిమిషాల బొమ్మకు మాత్రం పెళ్లిలో పురోహితుడి కంటే ఫోటోగ్రాఫర్ ఎక్కువసేపు నిలబడినట్టుంటుంది. పైగా ఆ బీడీ ఎందుకు చూపించక తప్పదో సంజాయిషీ రాసివ్వాలి. ఆయన గదిలో కాల్చకుండా బయటికి రావడమే ఆయన వృత్తి ధర్మమని పేజీన్నర రాశాను. జీవితంలో నేను అంత శ్రద్ధగా రాసిన వ్యాసం మరొకటి లేదు. హెచ్చరికలు కలిపాక తాతకు చూపిస్తే, "మా రోజుల్లో ఆటకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల సర్కారు బొమ్మ వేసేవాళ్లం, జనం అప్పుడు సోడాలు తాగేవాళ్లు. మళ్లీ వచ్చిందే" అన్నాడు.

ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు. ఢిల్లీలో న్యాయనిర్ణేతలకు తెలుగు రావాలని లేదు, సబ్‌టైటిళ్లు లేకుండా పంపడం దండగ. ఒక కాలేజీ కుర్రాడికి ఆరు వేలిచ్చి రాయించాం. ఇంగ్లీషు బాగా వచ్చినవాడే. కానీ సినిమా హాలు భాష అతనికి తెలియదు. తాత "బొమ్మ పడింది" అంటే ఆటబొమ్మ కింద పడిపోయిందని రాశాడు. "రీలు కట్టాను" అంటే తాడుతో కట్టాడు. "నేల" అన్నచోటల్లా భూమి అని వచ్చింది. అలాగే పోయుంటే, భూమి మీది మనుషులంతా ఈలలు వేశారని ఢిల్లీలో చదువుకునేవారు. నాలుగు రాత్రులు నేను, మా ఆవిడ, తాత కూర్చుని ఒక్కో మాటా సరిచేశాం. మీరు పంపేటట్టయితే సబ్‌టైటిళ్లకు ఒక్క వారం కాదు, నెల పెట్టుకోండి. సర్టిఫికెట్ వచ్చాక ఒక్క ఫ్రేము మార్చినా మళ్లీ వాళ్లకు చెప్పుకోవాలి, తప్పులన్నీ ముందే ఏరుకోవాలి.

ఆ ఈలల మాట చెప్పాలి. రీలు తెగితే తెర తెల్లబోతుంది, హాలంతా ఈలలు. "ఏమయ్యా ఆపరేటరూ, నిద్రపోయావా? రీలు కట్టు!" అని నేల నుంచి కేకలు. బొమ్మలో తాత దీన్ని చెబుతాడు. "ముప్పై ఎనిమిదేళ్లలో నన్ను తిట్టిన రోజులే జనానికి గుర్తు. బొమ్మ చక్కగా ఆడిన రోజు పైన ఒక మనిషున్నాడని ఎవరికీ తెలియదు. తెలియకపోతేనే నేను పని బాగా చేసినట్టు."

సెన్సారు దరఖాస్తు ఆన్‌లైనులోనే పెట్టాం. 2023 నవంబరు చివర్లో రాత్రి బస్సెక్కి హైదరాబాదు వెళ్లి సౌండు మిక్సింగు పూర్తి చేసుకున్నాను, డిసెంబరులో బొమ్మ చూస్తారని కబురు రాగానే మళ్లీ వెళ్లాను. లోపల చూస్తున్నారు, బయట బెంచీ మీద నేను. గోడ అవతలి నుంచి తాత నోటి చప్పుడు వినబడుతోంది. ఇన్నాళ్లూ నేను పెళ్లికూతురి తండ్రుల్ని కెమెరాలోంచే చూశాను. వాళ్లు ఎందుకలా ఊరికే నిలబడి చేతులు నలుపుకుంటారో ఆ రోజు తెలిసింది. పిలిచి రెండు మూడు ప్రశ్నలు అడిగారు. ఆ గది ఇంకా ఉందా అని ఒకరు అడిగారు. ఉందన్నాను. బీడీ వ్యాసం ఎవరూ ఎత్తలేదు, చదివారో లేదో. డిసెంబరు 21న, గురువారం, "యు" సర్టిఫికెట్ వచ్చింది. ఇంకో పదకొండు రోజులు జరిగుంటే ఏడాది ఏడాదే జారిపోయేది. డిసెంబరులో అందరూ ఇదే తొందరలో ఉంటారు కాబట్టి మీరు అక్టోబరులోనే వెళ్లండి.

ఇక అవార్డుల దరఖాస్తు. ప్రకటన వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండాలి, వచ్చాక గడువు ఎంతో ఉండదు. తెలిసినాయన ఒకరు పాత చిరునామా ఇచ్చి, చిత్రోత్సవాల డైరెక్టరేట్‌కు పంపమన్నారు. అది 2022లోనే ఎన్.ఎఫ్.డి.సి.లో, అంటే జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో, కలిసిపోయింది. మంచి మనసుతో ఇచ్చిన సలహా కూడా రెండేళ్లకే పాతబడుతుంది, కాబట్టి నేను ఇక్కడ రాసేది కూడా ఆ ఏటి ప్రకటనతో సరిచూసుకోండి. ఫారం నింపడం కష్టం కాదు. నిర్మాత సంతకాలు, దర్శకుడి వివరాలు, కథా సంగ్రహం, సర్టిఫికెట్ నకలు, సెన్సారైన ప్రతి ఎలా ఉందో అచ్చంగా అదే బొమ్మ. మా ఆవిడ ప్రతి పేజీలోనూ సంతకం కొక్కెం ఒకేలా రావాలని ముందు తెల్లకాగితం మీద సాధన చేసింది. సెన్సారు, దరఖాస్తు, ఏజెంటు, కొరియరు అన్నీ కలిపి మాకు నలభై వేలకు కాస్త తక్కువైంది. మొత్తం బొమ్మ ఖర్చు రెండు లక్షల పద్నాలుగు వేలు. మామూలు పెళ్లి ఆల్బములు ఒక ఏడెనిమిది అమ్మిన డబ్బు.

అక్కడి నుంచి ఎదురుచూపు. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు నుంచి ఫలితాలు చెప్పేదాకా పందొమ్మిది నెలల పదకొండు రోజులు. ఈ మధ్యలో మీకు ఎవరూ ఏమీ చెప్పరు. మీ బొమ్మ చూశారని గానీ, చూస్తున్నారని గానీ, బాగుందని గానీ, బాగాలేదని గానీ. మధ్యలో 2024 ఆగస్టు 16న 70వ అవార్డులు ప్రకటించారు. ఉత్తమ తెలుగు చిత్రం 'కార్తికేయ 2'. ఊరంతా నా ఫోనుకే. "నీది రాలేదే?" అని. అది 2022 సినిమాలకు, మాది 2023 సర్టిఫికెట్ అని చెప్పి చెప్పి నోరు పడిపోయింది. కూరగాయల అంగడిలో ఒకాయన మొత్తం విని, "అంటే పోయినేడు పరీక్ష రాస్తే ఎల్లుండి ఏడు రిజల్టు" అన్నాడు. అంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. ఇంకో తప్పు కూడా చేశాను. పంపిన సంగతి ఊళ్లో చెప్పాను. మీరు చెప్పకండి. రాకపోవడం కంటే, రాలేదని నలభై మందికి విడివిడిగా చెప్పడం కష్టం.

2025 ఆగస్టు 1, శ్రావణ శుక్రవారం. ఎర్రగుంట్ల దగ్గర ఒక రిసెప్షనుకు కెమెరా పట్టుకున్నాను. ఫలితాలు ఆ సాయంత్రమే అని తెలిసి ఫోను ట్రైపాడ్‌కు రబ్బరు బ్యాండుతో కట్టాను. వధూవరులు కేకు కోస్తున్నారు, పక్కన చిన్న తెర మీద ఢిల్లీలో పేర్లు చదువుతున్నారు. నాన్ ఫీచర్ విభాగానికి కన్నడ దర్శకుడు పి.శేషాద్రి అధ్యక్షుడు. వందకు పైగా ఎంట్రీలు. ఉత్తమ నాన్ ఫీచర్ చిత్రం 'ఫ్లవరింగ్ మ్యాన్', ఉత్తమ డాక్యుమెంటరీ 'గాడ్, వల్చర్ అండ్ హ్యూమన్'. ఒక్కో పేరు చదివినప్పుడు మొదటి అక్షరం దగ్గర గుండె ఆగుతుంది. మనది కాదని రెండో అక్షరానికి తెలిసిపోతుంది. ఆ తర్వాత తెలుగు పేర్లు వరసగా వచ్చాయి. 'భగవంత్ కేసరి', 'హనుమాన్', 'బేబీ', 'బలగం' పాట రాసిన కాసర్ల శ్యామ్. పక్కనున్న లైట్‌బాయ్ కేక వేశాడు. నేనూ నవ్వాను, నిజంగానే సంతోషమేసింది. కానీ నవ్వుతూనే జాబితా ఇంకా అయిపోలేదేమో అని చూస్తున్నాను. అయిపోయింది. కేకు ముక్క ఒకటి ఎవరో నా నోట్లో పెట్టారు.

ఆ రాత్రి ఇంటికొచ్చి మెయిల్ చూశాను. చెత్త మెయిళ్ల పెట్టెలో కూడా చూశాను. మీ ఎంట్రీ ఎంపిక కాలేదు అని ఒక ముక్క వస్తుందని ఎందుకో అనుకున్నాను. ఉద్యోగానికి వెళ్లినా, బ్యాంకు అప్పుకు వెళ్లినా కాదని చెప్పడానికి ఒక కాగితం ఇస్తారు కదా. ఇక్కడ జాబితాలో లేకపోవడమే జవాబు. వారం రోజులు మెయిల్ చూస్తూనే ఉన్నాను. నాకు అవార్డు రాలేదన్న బాధ నాలుగు రోజుల్లో పోయింది. బొమ్మను ఎవరో ఒకరు చివరిదాకా చూశారా, తాత నోటితో చప్పుడు చేసిన చోట ఏమనుకున్నారు అన్న ప్రశ్న మాత్రం ఇప్పటికీ పోలేదు. ఎవరినీ తప్పు పట్టడం లేదు. అన్ని బొమ్మలకు జవాబులు రాయడం ఎవరి తరం? అయినా తెలుసుకోవాలనిపిస్తుంది.

తాతకు చెప్పడం ఇంకో కథ. మెట్లెక్కి, మంచం మీద కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక కార్బన్ ముక్కల డబ్బా మూత తీసి పెడుతున్నాను. ఆయనే, "రాలేదా?" అన్నాడు. "రాలేదు తాతా." "బీడీ వల్లనా?" "కాదనుకుంటా." కాసేపాగి, "కుక్కను అనవసరంగా తీసేశాం" అన్నాడు.

అవార్డుల ప్రదానం సెప్టెంబరు 23న, ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో. నేను చూడనన్నాను. మా ఆవిడ చూద్దామంది. తాత ఆ ఆలోచన చెప్పాడు. మండపంలో ఆ రోజు పెళ్లి లేదు. పెళ్లిళ్లలో ఫోటోలు చూపించే చిన్న ప్రొజెక్టర్ నా దగ్గర ఉంది. పాత తెర ఉన్న గోడ తెల్లగానే ఉంది. దసరా రెండో రోజు, మా ఊళ్లో దసరా అంటే తెలిసిందే, అమ్మవారిశాల వైపు నుంచి మైకులు, జనం. సాయంత్రం ముగ్గురం మండపం తలుపులు వేసుకున్నాం. తాత ఉదయమే కన్నాల్లో వైర్లు తీసేసి తడిగుడ్డతో తుడిచి ఉంచాడు. ఆ కన్నంలోంచే వెయ్యాలని ఆయన కోరిక. పెట్టి చూస్తే, తొంభై అడుగుల అవతలి గోడ మీద బొమ్మ బూడిద రంగు మరకలా పడింది. ఆ చిన్న దీపానికి అంత సత్తువ లేదు. "అగ్గిపుల్లతో అన్నం వండినట్టుంది" అని తాత చిరాకు పడ్డాడు. చివరికి కింద ప్లాస్టిక్ కుర్చీల మీద కుర్చీలు పేర్చి గోడకు దగ్గరగా పెట్టాం. నెట్టు నా ఫోను నుంచి. మా ఆవిడ మాధవరం చీర కట్టుకుని వచ్చింది. నేను దాని గురించి ఏమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు. చేతులకు గాజులు ఉన్నాయి. జూలైలోనే విడిపించింది. మేము కుదువ పెట్టినప్పుడు పది గ్రాములు అరవై వేల చుట్టుపక్కల ఉండేది, అప్పటికి లక్ష దాటింది. "అమ్మకపోవడం మంచిదైంది" అని ఇప్పటికి ఇరవైసార్లు అని ఉంటుంది.

రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ఒక్కొక్కరికీ అందిస్తున్నారు. పేరు పిలుస్తారు, వెనక సినిమా దృశ్యాలు, మనిషి నడిచొస్తారు, నమస్కారం, పతకం, ఫోటో, దిగిపోతారు. పదేళ్ల కష్టమైనా, పందొమ్మిది నెలల ఎదురుచూపైనా ఆ నడకంతే. 2018లో రాష్ట్రపతి పదకొండు మందికే స్వయంగా ఇచ్చి, మిగతావి మంత్రి చేత ఇప్పిస్తారన్నప్పుడు యాభై మందికి పైగా విజేతలు కార్యక్రమానికే రాలేదు. అప్పట్లో పేపరు చదివి, ఎవరిస్తే ఏమిటి, ఇంత రాద్ధాంతమా అనుకున్నాను. ఆ అర నిమిషం ఎవరి ఎదుట నిలబడతామన్నది ఎందుకంత పట్టింపో ఈసారి అర్థమైంది. అంత తతంగంలో చేతికి దొరికేది ఆ అర నిమిషమే.

షారుఖ్ ఖాన్ లేచినప్పుడు మా ఆవిడ ముందుకు వంగింది. ముప్పై మూడేళ్ల సినిమా జీవితంలో అది ఆయనకు మొదటి జాతీయ అవార్డు, విక్రాంత్ మాస్సేతో కలిపి ఇచ్చారు. "ఈయనకే ఇన్నేళ్లు పట్టింది చూడండి" అంది, నా వైపు చూడకుండా. చీర కట్టుకున్న చిన్నపిల్ల ఒకతి బాలనటుల అవార్డు అందుకుంటే తాత చప్పట్లు కొట్టాడు. మిగతా ఎవరికీ కొట్టలేదు.

మోహన్‌లాల్‌కు దాదాసాహెబ్ ఫాల్కే అన్నప్పుడు తాత కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "ఇది మన జిల్లాకు కొత్త కాదు" అన్నాడు. నిజమే. పులివెందుల వైపు కొత్తపల్లె బి.ఎన్.రెడ్డి గారికి 1974 సంవత్సరపు ఫాల్కే, దక్షిణాది సినిమా రంగానికి అదే మొదటిది. ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డి గారికి 1986కు. ఒకే ఇంట్లో రెండు. "వాళ్ల బొమ్మలు నేను ఆడించాను. అన్న బొమ్మ ఆడితే నేల ఖాళీ, కుర్చీలు నిండేవి. తమ్ముడి బొమ్మకు నేల, కుర్చీ అన్నీ నిండేవి." ఏ విమర్శకుడి వ్యాసమూ నాకు దాన్ని ఇంత పొట్టిగా చెప్పలేదు.

ఒక సంగతి గమనించాను. కార్యక్రమం జరిగినంతసేపూ తాత సగం వెనక్కి తిరిగే కూర్చున్నాడు. ఒక కన్ను గోడ మీద, ఒక కన్ను ప్రొజెక్టర్ మీద. మధ్యలో లేచి కుర్చీ కాలు కింద మడిచిన అట్టముక్క పెట్టి బొమ్మను రెండంగుళాలు దించాడు. విజేతల వెనక పెద్ద తెర మీద దృశ్యాలు పడుతుంటే, "అక్కడ ఆపరేటర్ ఎక్కడ కూర్చుంటాడు? ఒక్కసారి కూడా చూపించడం లేదే" అన్నాడు. ఇప్పుడు అదంతా కంప్యూటర్ అని చెప్పాను. "దాన్ని ఎవరో ఒకరు నొక్కాలి కదా నాయనా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

సరిగ్గా అప్పుడే ఫోనులో సిగ్నల్ పడిపోయింది. గోడ మీద ఎవరో వేదికెక్కుతూ కాలు గాలిలో ఉండగా ఆగిపోయారు, మధ్యలో తెల్లటి చక్రం గిర్రున తిరుగుతోంది. బయట దసరా జనంలో లక్ష ఫోన్లుంటే నెట్టు ఎక్కడ నుంచి వస్తుంది? నేను ఫోను పైకెత్తుతున్నాను, ఆఫ్ చేసి ఆన్ చేస్తున్నాను, కిటికీ దగ్గరికి పరుగెడుతున్నాను. వెనక నుంచి, ఖాళీ మండపం అదిరిపోయేలా ఈల వినబడింది. తిరిగి చూస్తే తాత రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు నేల నుంచి పైకి వచ్చిన ఈలలు అన్నీ కలిపి ఒక్కటే ఈల.

"ఏమయ్యా ఆపరేటరూ," అని నా మీద కేక వేశాడు, "నిద్రపోయావా? రీలు కట్టు!"